ఇప్పటి గొంగడి

కుర్మయ్య పడుగుకు చింతగింజల గంజి పూస్తున్నాడు. ఇంటి ముందు ఈ గుంజ నుంచి ఆ గుంజ దాకా నల్ల ఉన్ని దారాలు బిగిసి ఉన్నాయి. గడ్డివేర్ల కుంచెను రెండు చేతులా పట్టి, వంగి, పోగుకు పోగు అంటకుండా దువ్వుతున్నాడు. డెబ్బై రెండేళ్లు. అరచేతి గీతల్లో గంజి ఎండి తెల్లబడింది. శంషాబాద్‌లో దిగే విమానం నీడ పడుగు మీదుగా పోయింది. ఆయన తల ఎత్తలేదు. గంజి ఆరేలోపు దువ్వడం కావాలి.

"పొద్దెక్కింది. హోటల్‌కు పోయేది లేదా?" అంది భార్య భాగ్యమ్మ, ఉన్ని వడికే కదురు ఆపకుండా.

ఎయిర్‌పోర్టు దారిలో కొత్త హోటల్ గోడకు ఆయన గొంగడి వేలాడదీశారు. కింద ఇంగ్లీషు చీటీ. హోటల్ గోడల అలంకరణ చూసే ప్రియదర్శిని కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"గదేం రాసినవ్ బిడ్డా?"

"'ఏన్షియంట్' అని తాతా. ఎప్పటిదో, శానా పాతదని."

"నేసిందెవలు?"

"నువ్వే గదా!"

"మరి నేనెప్పుడు సచ్చిన?"

ఆమె నవ్వబోయి ఆగింది. కుర్మయ్య గొంగడి అంచు ముడి చూపించాడు. "మొన్న దసరాకే దీన్ని మగ్గం మీదికెళ్లి దించిన. ఊర్ల ఆరు మగ్గాలుండె. ఐదు పాతయినయ్. నాది కాలే."

ప్రియదర్శిని ఆ చీటీ తీసేసి ఇంకోటి రాసింది. "'కాంటెంపరరీ'. ఇప్పటిదని. చేసినోళ్లు మనతోపాటు బతికుంటే గట్ల రాస్తరు తాతా."

ఆయన ఆ మాట మూడుసార్లు చెప్పించుకున్నాడు.

తన ఊరు కొత్తూరులో బస్సు దిగితే, చాయ్ పోసే వీరేందర్ అడిగాడు. "ఏంది బాపూ, పెండ్లికొడుకు లెక్కున్నవ్?"

"మన గొంగడి ఇప్పటిదంట. గోడకు రాసిపెట్టిన్రు."

"మరి కప్పుకునేటోడేడి?"

"నువ్వే. చలి పడనీ, నువ్వే ఉరికొస్తవ్."

ఇంటికొచ్చి పడుగును మగ్గానికెక్కించి జానెడు నేశాడు. భాగ్యమ్మకు చీటీ సంగతంతా చెప్పాడు. "జర నడుం వాలుస్త" అని మగ్గం గుంత పక్కనే ఒరిగాడు. అన్నానికి లేపితే లేవలేదు.

చావు దినాలు అయిన మర్నాడు ప్రియదర్శిని వచ్చింది. చేతిలో ఖాళీ చీటీ.

"అమ్మమ్మా, ఇగ 'ఇప్పటిది' అన్న మాట ఉంచొచ్చో లేదో..."

భాగ్యమ్మ గుంతలో కూర్చుని నేస్తోంది. అంచు కొంచెం వంకర పోయింది. విప్పి మళ్లీ వేసింది.

"చేసినోళ్లు బతికుంటే రాస్తరంటివంట గదా బిడ్డా. దాని ఉన్ని వడికినదాన్ని నేనున్న."

ప్రియదర్శిని చీటీని సంచిలో పెట్టుకుంది. బయట గుంజల మధ్య భాగ్యమ్మ పొద్దున గంజి పూసిన కొత్త పడుగు ఆరుతోంది. గుంజకు తగిలించిన కుర్మయ్య కుంచె నుంచి గంజి బొట్లు బొట్లుగా రాలుతోంది.