గుట్ట మీది ఫోన్లు

నూకరత్నం వంటల వీడియోలకు ప్రకటనల డబ్బు రావడం ఆగిపోయి పది రోజులైంది. అదే ఆమె సొంత సంపాదన. చూసేవాళ్లు నిజం మనుషులు కారని కంపెనీ కబురు పెట్టింది. ఆ ప్రకటనల కంపెనీకే విశాఖలో బిజినెస్ అనలిస్టుగా పనిచేస్తున్న అక్క కూతురు సోని ఊరొచ్చిందని తెలిసి, చేతికంటిన చోడిపిండి దులుపుకుంటూ వచ్చింది.

“ఏటే గుంటా, మేం మనుషులం కామా? గాసి బావ నిన్న కూడా నా వీడియో సూసి యాడ్ నొక్కేడు. ఆడు దెయ్యమేటి?”

సోని నవ్వలేదు. ఊళ్లో సిగ్నల్ అందేది గుట్ట మీది బండ దగ్గరే. సాయంత్రమైతే నలభై ఫోన్లూ అక్కడికే చేరతాయి. ఉద్యోగానికి తను ఇంటర్వ్యూ ఇచ్చిందీ ఆ బండ మీదే. ఒకే చోట, ఒకే గంటలో ఇరవైకి మించిన ఫోన్ల నుంచి ప్రకటన నొక్కితే మోసమని తేల్చే రూలు రాసిందీ తనే. దానికి ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు.

బండెక్కి మేనేజరుకు ఫోన్ చేసి, తన ఊరొక్కదాన్నీ ఆ రూలు నుంచి తప్పించమంది.

“యాడ్ చూసి వాళ్లేమైనా కొంటారా?”

“సంతలో కొంటారు సార్.”

“అయితే ఆ సంగతి వదిలెయ్ సోనీ. నీ రూలు బాగానే పనిచేస్తోంది.”

కిందికి దిగేసరికి పిన్ని దారిలోనే నిలబడి ఉంది.

“మేం మనుషులమేనని సెప్పేవా?”

“సెప్పేను పిన్నీ.”

అప్పటికే జనం ఫోన్లు పట్టుకుని గుట్టెక్కుతున్నారు. ముందు నడుస్తున్న గాసి అన్నాడు: “బెంగెట్టుకోకు రత్నం. ఇయ్యాల్టి నుండి తలో రెండుసార్లు నొక్కుతాం.”

సోని పక్కకు జరిగి వాళ్లకు దారిచ్చింది.