ఇద్దరి పని

"బియ్యం కడిగిన చేత్తో ఆ బోర్డు ముట్టుకోకు, కాత్యా. పాడైతే ఆఫీసులో నేను సమాధానం చెప్పుకోవాలి," అని బూట్లు వేసుకుంటూ హెచ్చరించి వెళ్లాడు మహీధర్. ఆ సర్క్యూట్ బోర్డును రైస్ కుక్కర్ పక్కన పెట్టి, ఎలాగైనా పని చేయించమన్నదీ ఆయనగారే. హైదరాబాదులో ఆరేళ్లు ఇలాంటి బోర్డులతోనే ఉద్యోగం చేసిన కాత్యాయనికి చేతులు తుడుచుకోవాలని ఇంకొకరు చెప్పాలా? చెప్పాలి మరి. చెబితేనే కదా ఆయన ఇంజనీరు, ఈమె వంటమనిషి.

దేశం దాటి ఈ బుకిట్ బటోక్ ఫ్లాటుకు వచ్చి నాలుగేళ్లయింది. భార్యగా వచ్చిన వీసా పాసు మీద ఉద్యోగం చెయ్యకూడదు. ఏదైనా కంపెనీ పిలిచి వేరే పాసు ఇప్పించాలి. అందుకే మొగుడి మాట పట్టుకుని వేలాడుతోంది. "మా టీమ్‌లో ఒక పోస్టు ఖాళీ ఉంది. ఈ డ్రైవర్ పూర్తయితే రవీంద్రన్ సార్ ఫుల్ హ్యాపీ. అప్పుడు నీ రెజ్యూమె ఆయన చేతిలో పెడతా, ప్రామిస్," అన్నాడు మహీధర్.

డ్రైవర్ అంటే ప్రోగ్రామే. బస్సుల్లో కెమెరా వీడియోలు దాచే పెట్టె ఒకటుంటుంది. అందులో డిస్కును నడిపించే చిప్పుతో ఈ ప్రోగ్రాము మాట్లాడాలి. బస్సు ఇంజను ఆపితే చాలు, చివరి నిమిషం వీడియో మాయమైపోతోంది. మహీధర్ మూడు వారాలు తల బాదుకున్నాడు. డిస్కు "రాసేశాను" అంటుంది గానీ ఇంకా రాయదు, కాసేపు తన దగ్గరే అట్టే పెట్టుకుంటుంది. ఆ మాట నమ్మి కరెంటు తీసేస్తే అంతా గంగలో కలిసినట్టే. ఉన్నదంతా నిజంగా రాయమని గట్టిగా చెప్పి, బదులు వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడం మహీధర్‌కు తట్టలేదు. పాప వర్షిత స్కూలుకెళ్లాక, వంటకూ బట్టలకూ మధ్య దొరికిన గంటల్లో కాత్యాయని పదకొండు రోజులు కూర్చుంది. చివరికి నలభైసార్లు ప్లగ్గు పీకి చూసింది, ఒక్కసారీ వీడియో పోలేదు. వంటింట్లో ఒక్కతే చప్పట్లు కొట్టుకుంది. ఫైలు పైన, రాసినవారి పేరు దగ్గర మహీధర్ అని టైపు చేసింది. పోనీలే, ఉద్యోగం వస్తుందిగా అనుకుంది.

రెండు వారాల తర్వాత, ఆదివారం, రవీంద్రన్ భోజనానికి వచ్చాడు. పక్కదేశపు జోహోర్‌లో పుట్టిన తెలుగాయన, మహీధర్ పై అధికారి. "మీ ఆయన బ్రిలియంట్ లా! ఎవరికీ దొరకని తప్పు పట్టేశాడమ్మా," అన్నాడు గోంగూర కలుపుకుంటూ, అక్కడివాళ్లలాగే మాట చివర 'లా' తగిలించి.

"అంకుల్, అమ్మ ఆల్వేస్ పుల్ ద ప్లగ్ లా," అంది వర్షిత.

"అవును సార్, ప్లగ్గు పీకడంలో హెల్ప్ చేస్తుంది," అని మహీధర్ నవ్వాడు. రవీంద్రన్ కూడా నవ్వాడు.

ఇక మొగుడు నోరు తెరిచేలా లేడని కాత్యాయనికి అర్థమైంది. పెరుగు వడ్డిస్తూ తానే అడిగేసింది. "సార్, మీ టీమ్‌లో పోస్టు ఖాళీ ఉందట కదా. నేనూ ఇదే పని చేసేదాన్ని. నా రెజ్యూమె పంపనా?"

రవీంద్రన్ చెయ్యి కంచంలో ఆగింది. "అయ్యో, అది పోయిన వారమే క్లోజ్ అయిందమ్మా. మహీధరే వద్దన్నాడు. ఇంకో మనిషి ఎందుకు సార్, ఇద్దరి పని నేనొక్కడ్నే చేస్తున్నాగా అన్నాడు. నిజమే కదా, చేశాడు!"

"కాత్యా, ఇంకాస్త అన్నం," అన్నాడు మహీధర్, తలెత్తకుండా.

ఆమె వడ్డించింది. పదకొండు రోజులు కూర్చుని తనకు రావాల్సిన ఉద్యోగాన్ని తానే పోగొట్టుకుంది. ఎంత బాగా చేస్తే అంత అక్కర్లేని మనిషయిపోయింది. ఎవరితో చెప్పుకుంటుంది? చెప్పినా ఎవరు నమ్ముతారు?

మర్నాడు పొద్దున మహీధర్ ఏమీ జరగనట్టే, "పెద్ద డిస్కు పెడితే బోర్డు స్టార్ట్ అవట్లేదట. కాస్త చూడు," అన్నాడు.

"చెయ్యను," అంది కాత్యాయని.

"మరి రోజంతా ఇంట్లో కూర్చుని ఏం చేస్తావ్?"

ఆయన వెళ్లాక బోర్డును దాని అట్టపెట్టెలో సర్ది, టేపు అంటించింది. అప్పుడు తన్నుకొచ్చింది ఏడుపు. అది మొగుడి కోసం కాదు, ఉద్యోగం కోసమూ కాదు. ఈ ఊరొచ్చాక ఆమె మాట విన్నది ఆ బోర్డు ఒక్కటే.