రికార్డుకు ఆయుధ పూజ

మా ఇంట్లో దేవుడి పటాలు పదకొండు. మా ఆయన గిరీశ్ గారి పాటల రికార్డులు మూడు వందల నలభై. పటాలను నేను రోజూ తుడుస్తాను, రికార్డులను ఆయన తుడుస్తారు. ఆయన గుడ్డే మెత్తనిది. దేవుడికి అంత మంచి గుడ్డ వాడలేదే అని నాకు అప్పుడప్పుడు సిగ్గేస్తుంది.

ఆ పాటలను హార్డ్‌కోర్ పంక్ అంటారట. ఒక్కోటి ఒక్క నిమిషం. ఉన్న కోపమంతా ఆ నిమిషంలోనే అరిచేసి ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోతారు. అందులోనూ ఆయనకు కావలసినవి రెండు రకాలే. ఇరవై బృందాల అరుపులు ఒకేచోట చేర్చినవి ఒకటి. విడిపోయిన బృందం పాటలను అభిమానంతో మిగతావాళ్ళు పాడినవి, అంటే పోయినవాళ్ళకు తిథి పెట్టినట్టు, రెండోది. బంగారు గనులు మూసేశాక మా ఊళ్ళో తవ్వకం ఆగిపోయిందంటారు గానీ, నరసాపురం ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించి కంపెనీ బస్సు దిగిన మా ఆయన రాత్రిదాకా ఫోనులో రికార్డుల కోసం తవ్వుతూనే ఉంటారు.

ఆరేళ్ళు తవ్వినా దొరకని తిథి రికార్డు ఒకటి మాలూరులో ప్రణవ్ అనే అబ్బాయి దగ్గర బయటపడింది. బదులుగా మా ఆయన దగ్గరున్న జపాన్ సంకలనం ఇమ్మన్నాడు. “గీత కూడా లేదు” అని ఈయన ఫోటోలు పంపారు. మా ఇంట్లో మార్చుకోవడానికి ఇద్దరికీ సెలవు కుదిరింది ఆయుధ పూజ నాడు.

ఆ పొద్దున కుట్టుమిషను, మిక్సీ, కత్తిపీట, స్కూటరు అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టాను. ఆయన బూడిద గుమ్మడికాయ కోసం బజారుకు వెళ్ళారు. కడిగి ఆరబెట్టిన జపాన్ రికార్డు ప్లేయరు పక్కన కనిపించింది. పండగనాడు పనిముట్టును బోడిగా వదలకూడదు. విసుర్రాయికి పెట్టినట్టే నాలుగు దిక్కులా నాలుగు గంధం బొట్లు పెట్టి, నడుమ చామంతి పువ్వుంచాను.

ఆయన వచ్చి చూసి, గుమ్మడికాయ కింద పెట్టి, తానూ దాని పక్కనే కూర్చున్నారు.

“ఏం చేసినావు కావేరీ?”

“పూజ చేసినానండీ. వదిలేస్తే, నా పాటలంటే నీకు చులకన అంటారు కదా.”

“అదేమన్నా ఆయుధమా?”

“వింటే అట్లే ఉండాది కదండీ.”

ఎంత తుడిచినా గంధం సన్నగీతల్లోకి దిగి ఎండిపోయింది. అంతలో ప్రణవ్ వచ్చి, రికార్డును కంసాలిలా వెలుతురుకు తిప్పి చూశాడు.

“అన్నా, ఈ మరకలేంది?”

“గంధమప్పా.”

“జపాన్‌లోనే పెట్టి పంపినారా?”

“లేదు. మా ఇంట్లోనే, ఈ పొద్దే.”

పెట్టి విన్నారు. సూది చుట్టుకు నాలుగుసార్లు టక్కుమంది. ఆ పాటకు తాళమనేది దొరకడం అదే మొదటిసారి అనిపించింది నాకు. ప్రణవ్ మాత్రం తల అడ్డంగా ఊపాడు.

“పోనీ, నీది వినిపించప్పా,” అన్నాను.

“సీలు విప్పలేదక్కా. విప్పితే విలువ పోతాది.”

“అయితే నువ్వూ వినలేదా?”

“లేదు.”

“లోపల రికార్డు ఉండాదని ఎట్ల తెలుసు?”

“నమ్మకం అక్కా.”

ఊళ్ళో భక్తురాలని పేరు నాది. ఆ అబ్బాయి ముందు నేనెంత? రెండు వడలు తిని, తన రికార్డు తాను సంచిలో పెట్టుకుని, రైలుకు వెళ్ళిపోయాడు.

ఆయన గుమ్మడికాయ తీసుకెళ్ళి స్కూటరు ముందు కొట్టి వచ్చారు. నన్ను తిట్టి ఉంటే నయం. సాయంత్రం దీపం పెడుతూ, నీకు చేసిన పూజకు ఆయనకెందుకు శిక్ష అని స్వామిని అడిగాను. స్వామి కూడా సీలు విప్పలేదు.

పక్కగదిలో జపాన్ అరుపులు మొదలయ్యాయి. గీత పడుతుందన్న భయంతో ఇన్నేళ్ళలో ఆయన ఆ రికార్డును మూడుసార్లకు మించి మోగించలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డాను.

“ఇంగ దీన్ని ఎవురూ అడగరు,” అన్నారు నావైపు చూడకుండా.

“కోపమా అండీ?”

“ఉండు, విననీ.”

పాట అయిపోయింది. సూదిని మళ్ళీ మొదటికి పెట్టారు. టక్కుమన్న ప్రతిచోటా ఆయన కాలి బొటనవేలు నేలమీద ఆడుతోంది.