గోవింద రెసిడెన్సీలో గృహప్రవేశం

"ఎక్కింది సామీ! భావు పైకెక్కింది! ఎంత గుంజినా కిందికి దిగేటట్టు లేదు!"

పొద్దున్నే ఫోనులో రంగనాథ్ ఇలా అరిచాడని నా చెవులు నాకు చెప్పాయి. చెవులనూ తప్పు పట్టలేం. హైటెక్ సిటీ కోసం మాదాపూర్ వైపు బండలు పేలుస్తున్న రోజులవి. మా కొండాపూర్‌లో ఫోనెత్తితే అవతలి మనిషి మాట సగం, అవతలి కొండ మోత సగం వినపడేది. పైగా భావు అంటే మా బజారు భాషలో రేటు. ఆ రేటు ఎక్కిందన్న మాట కోసమే నేను రెండేళ్లుగా చెవి కోసుకుంటున్నాను. "శభాష్! దిగనివ్వకు! గట్టిగా పట్టుకో! నేనొస్తున్నా!" అని అంతకంటే పెద్దగా అరిచి ఫోను పెట్టేశాను.

నా పేరు సీతారామయ్య. రియల్ ఎస్టేట్ ఏజెంటుని. ఏ జెంటూ చెయ్యని పని కాబట్టే ఏజెంటు అన్నారని నా నమ్మకం. కొత్తగూడ చౌరస్తాలో ఒక కిరాయి గది నా ఆఫీసు, దాని బయట గోడకు ఒక నల్లబల్ల. ఆ బల్ల మీద రోజూ సుద్దముక్కతో ఎడమపక్క ఊరి కబుర్లు, కుడిపక్క గజం రేట్లు రాస్తాను. బస్సు కోసం నిలబడ్డవాళ్లు రెండూ చదువుతారు. "నేడు నీళ్ల ట్యాంకరు రాదు. అది ట్యాంకరు కాదు, టక్కరి" లాంటివి ఎడమపక్క బాగానే చెల్లుబాటు అయ్యేవి. చిక్కంతా కుడిపక్కే. రేటు తగ్గిందని రాస్తే అమ్మేవాళ్లు తన్నడానికి వస్తారు. పెరిగిందని రాస్తే కొనేవాళ్లు నవ్వి బస్సెక్కుతారు. అందుకని కొన్నాళ్లుగా కుడిపక్క "శుభోదయం" అని రాసి ఊరుకుంటున్నాను.

ఆ రోజు శుభోదయం చెరిపేశాను. పెద్ద అక్షరాలతో రాశాను: "గోవింద రెసిడెన్సీలో భావు ఎక్కింది! ఇక దిగదు! త్వరపడండి!"

గోవింద రెసిడెన్సీ రంగనాథ్ కట్టిన అపార్ట్‌మెంటు. అతనిది కడప. బిల్లంటే డర్ ఉన్నవాడు గనుక బిల్డరు. నాలుగంతస్తులు లేపాడు, రంగు వెయ్యలేదు. లిఫ్టు కోసం గుంత వదిలాడు, లిఫ్టు పెట్టలేదు. వచ్చినవాళ్లందరికీ "లిఫ్టు వస్తుందండీ" అని చెప్పేవాణ్ణి. లిఫ్టు రాలేదు, జనం లెఫ్టు. మొత్తం మీద అమ్ముడైంది ఒకే ఒక్క ఫ్లాటు, అదీ నాలుగో అంతస్తులో. అమలాపురం నుంచి వచ్చి ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా ఉన్న భీమేశ్వరరావుగారు కొన్నారు. ఆ రోజే ఆయన గృహప్రవేశం. ఆ పందిరీ ఆ తోరణాలూ చూపించి మిగతా ఫ్లాట్లు అంటగట్టాలని మా ఇద్దరి ఆశ.

సుద్దముక్క జేబులో వేసుకునేసరికి ప్రవీణ్ వచ్చాడు. నిజాంపేటలో గది తీసుకుని ఉంటున్న సాఫ్ట్‌వేర్ కుర్రాడు. గోవింద రెసిడెన్సీ చూపిస్తానని అతణ్ణి రమ్మన్నాను. బల్ల చదివి మొహం ముడుచుకున్నాడు.

"ఏంటంకుల్, నిన్న ఫోన్లో రేటు తగ్గిస్తానన్నారు కదా?"

"నిన్న నిన్నే బాబూ. నిన్నే కొనెయ్యమని నిన్ను నిన్ననే అన్నానా లేదా? కూర్చో స్కూటరు మీద. ఇంకా ఎక్కకముందే అందుకుందాం."

గేటు దగ్గర రంగనాథ్ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. రేటు పెరిగిన బిల్డరు మొహంలా లేదు అది.

"చెప్పు రంగనాథ్! ఎంతదాకా ఎక్కింది?"

"నాలుగో అంతస్తు దాకా ఎక్కింది సామీ."

"నాలుగో అంతస్తుకేనా? గ్రౌండ్ ఫ్లోరుకి ఎక్కలేదా?"

"గ్రౌండ్ ఫ్లోరుకు ఎక్కేదేంది సామీ? ఆడికి నడిచే పాయె గదా!"

నేను నోరు తెరిచే లోపు పైనుంచి సమాధానం వచ్చింది.

"అంబా..."

ప్రవీణ్ నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. ఆకాశానికీ నాకూ మధ్య, నాలుగో అంతస్తు బాల్కనీలోంచి, పసుపు రాసి బొట్టు పెట్టిన ఆవు తల మా ఇద్దర్నీ చూసింది.

పైకి వెళ్లాం. హాలు మధ్యలో, కొత్త టైల్స్ మీద, ఆవు నిలబడి ఉంది. పక్కనే దూడ. రెండింటికీ మెడలో బంతిపూల దండలు. పలుపు పట్టుకుని గంగమ్మ. గంగమ్మను కొండాపూర్‌లో ఎరగనివారు లేరు. రోడ్డు పక్కన ఉన్న ఆమె చేను అన్నదమ్ములు ఎప్పుడో అమ్ముకున్నారు. ఆమెకు మిగిలింది ఒక రేకుల పాకా, గౌరి అనే ఈ ఆవూ. కొత్త కాలనీల్లో ఎవరు ఇల్లు కట్టినా ముందు గౌరి గడప దాటాలి, తరవాతే ఇంటివాళ్లు. వాళ్లు పెట్టే చీరా, ఇచ్చే దక్షిణా, గౌరి ఇచ్చినన్ని పాలూ, ఇవే గంగమ్మకు కూడు.

"ఏం గంగమ్మా, ఎట్లా ఎక్కించావమ్మా ఇంత దూరం?"

"నేనెక్కడ ఎక్కిచ్చిన సారూ? దూడను ముందుగల్ల తోలిండ్రు, అరటిపండ్లు సూపెట్టిండ్రు. గదే సర్రసర్ర ఎక్కింది. ఇగ దిగుమంటె దిగుతలేదు. మెట్టు సూడంగనే ఎనకకు గుంజుతాంది. జర మీరన్న చెప్పుండ్రి, పరేషాన్ జేస్తున్నరు నన్ను."

ఇంటాయన భీమేశ్వరరావుగారు పట్టుపంచెలో ముందుకొచ్చారు. "చెప్పండి సీతారామయ్యగారూ, మా తప్పేవుందండీ ఇందులో? గోవు గడప దాటాలని కదండీ ఆచారం?"

"అపార్ట్‌మెంటుల్లో కింద గేటు దగ్గరే కానిచ్చేస్తారండీ."

"కింద గేటు మాదెలా అవుద్దండీ? అది వాచ్‌మన్ గడప. వాడికి పుణ్యం, మాకు మెట్లూనా? నేను కొన్న గడప నాలుగో అంతస్తులో ఉంది. గోవు అదే దాటాలి."

గడప గజాల లెక్కలో రాదు కాబట్టి ఈ వాదన నాకు అలవాటు లేదు. "సరే, ఇన్నేళ్లూ గజాలు అమ్మినవాణ్ణి, ఒక్క గోవును దించలేనా" అన్నాను. ఎవరూ నవ్వలేదు. గౌరి ఆవులించింది.

ముందు అరటిపండ్లు చూపించాం. తిన్నది, దిగలేదు. వెనకనుంచి నెట్టాం. తోక విసిరి ఇంటాయన కళ్లజోడు పడేసింది. కనకలక్ష్మిగారు, అంటే ఆ ఇంటావిడ, తువ్వాలు తెచ్చి ఆవు కళ్లకు కట్టమంది. కడితే మరీ బిగుసుకుపోయింది. ఈలోగా హాలులో పేడ పడింది. పేరంటానికొచ్చిన అమ్మలక్కలు దాన్ని ఎత్తి, బిందెలకు బిందెలు నీళ్లు కొట్టారు. ఆ నీళ్లు గుమ్మం దాటి మెట్ల మీదుగా కిందికి జారుతుంటే చూస్తూ నిలబడ్డాం. రంగనాథ్ ఖర్చుకు వెనకాడకుండా పెట్టించింది ఒక్క మెట్లకే. నున్నటి నల్లరాయి, మొహం చూసుకోవచ్చు.

"జర ఆగుండ్రి సారూ" అంది గంగమ్మ. "మెట్లు ఆరనియ్యుండ్రి. ఎండ తగ్గనియ్యుండ్రి. గడ్డి పరిచి, నిమ్మళంగ, నేనే దించుకుంట. తొందర పెట్టకుండ్రి. దీని కాళ్ల మీదనే నేను నడుస్తున్న. దీనికేమన్న అయితే నాకింకేం లేదు."

నేను సరేననే వాణ్ణే. కానీ భీమేశ్వరరావుగారు పంచాంగం తీశారు.

"సాయంత్రం దాకానా? ఇంకో గంటలో వర్జ్యం వస్తోందండీ! వర్జ్యంలో గోవు గడప దాటి వెళ్లిందంటే లక్ష్మి వెళ్లిపోయినట్టే. అసలు పంపకుండా ఉంచుకుందామా అంటే, ఇవాళ రాత్రికి ఇంట్లో మేం నిద్ర చెయ్యాలి. గోవుతోనా?"

"వర్జ్యం దాటినంక దించుదం సారూ."

"దాటాక దుర్ముహూర్తం ఉందమ్మా. నీకు తెలీదు."

ప్రవీణ్ నా భుజం తట్టాడు. "అంకుల్, పక్క ఫ్లాటు చూపిస్తారా, నేను వెళ్లనా? ఇంతకీ రేటు ఎక్కిందా లేదా?"

రంగనాథ్ నా చెవి దగ్గర గొణిగాడు. "సామీ, ఆ పిల్లోడు పోకముందే ఆవును కిందికి పంపిచ్చు. ఇదొక్కటన్నా అమ్ముడుపోకుంటే ఇంక ఈ బిల్డింగు నేను లాగలేను."

లాగాల్సింది బిల్డింగునా ఆవునా అని అనబోయి మానుకున్నాను. చివరికి ఆ ఉపాయం ఎవరు చెప్పారో నాకు గుర్తులేదు. అందరం ఒకేసారి చెప్పినట్టుంది. దూడను ముందు కిందికి తీసుకుపోతే తల్లి తానే వస్తుందని.

"వద్దు సారూ" అంది గంగమ్మ. "పిల్ల కోసం ఉరుకుతది. నిమ్మళంగ రాదు."

"ఉరకనీ, మంచిదే కదమ్మా, వర్జ్యం లోపల దిగుద్ది" అన్నారు భీమేశ్వరరావుగారు. నేను గంగమ్మ వైపు తిరిగి, "ఏం ఫికర్ లేదు గంగమ్మా, మేమందరం ఉన్నాం కదా" అన్నాను. కొనేవాళ్లకు రోజూ చెప్పే మాట అదే గొంతుతో వచ్చింది. ఆమె పలుపు చేతికి రెండు చుట్లు చుట్టుకుంది.

రంగనాథ్ దూడను చంకలో ఎత్తుకుని దిగాడు. కింది మలుపులోంచి అది ఒక్క అరుపు అరిచింది. గౌరి చెవులు రిక్కించింది. గుమ్మం దాటింది. మెట్ల అంచున ఒక్క క్షణం ఆగి, ముందు కాళ్లు వేసింది. దిగింది. మూడో అంతస్తు మలుపు దాకా దిగింది! అమ్మలక్కలు చప్పట్లు కొట్టారు. నేను "గోమాతాకీ!" అన్నాను. "జై!" అన్నారందరూ. దూడ మళ్లీ అరిచింది.

గౌరి ఉరికింది. గంగమ్మ పలుపు వదల్లేదు. రెండో అంతస్తు మెట్ల మీద తడి ఆరలేదు. ముందు కాళ్లు రెండూ ఒకేసారి జారాయి, వెనక కాళ్లు పక్కకు పోయాయి, అంత శరీరమూ మెట్ల అంచుల మీద కొట్టుకుంటూ మలుపులో గోడకు వచ్చి తగిలింది. గంగమ్మ మోకాళ్ల మీద ఈడ్చుకుంటూ దాని వెనకే వచ్చి పడింది. బంతిపూలు మెట్టుమెట్టుకీ రాలాయి.

"లే బిడ్డా, లే" అంటూ గంగమ్మ మెడ కింద చెయ్యి పెట్టి లేపింది. గౌరి ముందు కాళ్లు మడిచి లేవబోయింది. వెనక భాగం లేవలేదు. మళ్లీ ప్రయత్నించింది. లేవలేదు.

పశువుల దవాఖాన నుంచి డాక్టరును పిలిపించాం. ఆయన తుంటి మీద చెయ్యి పెట్టి నొక్కి, తోక పట్టుకుని ఎత్తి చూసి, చేతులు కడుక్కోవడానికి నీళ్లడిగారు.

"తుంటెముక విరిగింది. పెద్ద పశువుకు ఇది అతకదు. ఇగ లేవది" అన్నారు.

సెంటరింగు చెక్కల మీద టార్పాలిన్ పరదా పరిచి, కూలీలు గౌరిని మోసుకెళ్లి కింద కార్లు పెట్టే చోట పడుకోబెట్టారు. ఆ చోట ఇంతవరకు ఒక్క కారూ పెట్టలేదు. కనకలక్ష్మిగారు పైనుంచి పొయ్యి మీది పాలు అలాగే వదిలి దిగి వచ్చింది. కొత్త చీర కొంగుతో గంగమ్మ మోకాలి రక్తం తుడవబోతే ఆమె తుడవనివ్వలేదు. భీమేశ్వరరావుగారు పంచాంగం చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చారు.

"గోవు కూలిన మెట్లెక్కి నేను కాపురం చెయ్యలేనండీ. ఎంతొస్తే అంతకి అమ్మేయండి" అన్నారు.

రంగనాథ్ లిఫ్టు గుంత గట్టు మీద కూర్చున్నాడు. ప్రవీణ్ వెళ్లొస్తానని ఎవరికీ చెప్పకుండా గేటు వైపు నడిచాడు. కానీ గేటులోనే ఆగిపోవలసి వచ్చింది, ఎందుకంటే అటు నుంచి పదిపదిహేనుమంది లోపలికి వస్తున్నారు. నా నల్లబల్ల చదివినవాళ్లు. అందరికంటే ముందు లింగయ్య. పక్క ప్లాటు అతనిదే. దాన్ని అమ్మిపెట్టమని ఏడాదిగా నా వెంట పడుతున్నాడు.

"సీతారామయ్య సారూ! భావు ఎక్కిందట గద! ఇగ నా ప్లాటు పాత రేటుకు ఇయ్య, ముందే చెప్తున్న! ఎంతకెక్కింది?"

"ఔ సారూ, ఎంతకెక్కింది?" అన్నారు వెనకవాళ్లు. గేటు దగ్గర ప్రవీణ్ కూడా తిరిగి చూశాడు.

"ఏమీ ఎక్కలేదు లింగయ్యా" అన్నాను. "రంగనాథ్ ఫోనులో చెప్పింది ఆవు గురించి. బండల మోతలో నాకు భావు అని వినపడింది. నేను దాన్నే బల్ల మీద రాశాను. ఎక్కింది ఆవు. రేటు ఉన్నచోటే ఉంది. ఉన్నచోట కూడా లేదు, అమ్మిన ఒక్క ఫ్లాటూ ఇప్పుడే వెనక్కి వచ్చింది."

ముందున్నవాళ్లు పగలబడి నవ్వారు. "ఆవట! భావు గాదట, ఆవట!" అని వెనకవాళ్లకు అందించారు. వెనకెక్కడో ఒకాయనకు ఇంకా అర్థం కాలేదు. గొంతు పెంచి మళ్లీ చెప్పాను. ఈసారి నవ్వు గేటు దాకా పాకింది, అక్కణ్ణించి వెనక్కి రాలేదు. ముందున్నవాళ్లు అప్పటికే పరదా మీద పడున్న గౌరి వైపు చూస్తున్నారు.

"ఏమంటున్నరు సారూ వాళ్లు? నా గౌరి మాటేనా?" అంది గంగమ్మ.

ఆమె పక్కన నేల మీద కూర్చుని మూడోసారి చెప్పాను. ఫోను సంగతి, బండల సంగతి, బల్ల మీద రాసిన సంగతి, వాళ్లెందుకు వచ్చారో, ఎందుకు నవ్వారో. ఆమె చివరిదాకా విన్నది.

"గట్లనా" అని, గౌరి కళ్ల మీద ముసిరిన ఈగలను కొంగుతో తోలుతూ కూర్చుంది.