చూడని ముడి

కాత్యాయని కాఫీ గ్లాసు ముందుపెట్టి ఎదురుగా కూర్చుంది. సాంబమూర్తి ఆ గ్లాసు ముట్టుకోలేదు. గోపీకృష్ణ పోయి ముప్పై ఆరు రోజులైంది. స్నేహితుడి భార్య ఒంటరిదైపోయిందని, ఆఫీసు నుంచి తిన్నగా సింగపూరు హౌగాంగ్ పేటలోని ఈ ఫ్లాట్‌కి రావడం, ఆమె పెట్టింది తినడం, చెప్పాల్సింది చెప్పకుండా వెళ్లిపోవడం అతనికి అలవాటైపోయింది. వచ్చే వారం ఆమె ఏలూరు వెళ్లిపోతోంది.

"అన్నయ్యగారూ, ఒక్కటి చెప్పండి. కొండ మీద ఆయన తాడెందుకు విప్పుకున్నారు?"

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని లోకమంతా హడలి చస్తున్న రోజులవి. ఆ భయం పుణ్యమా అని తెలుగువాళ్లు విమానాల నిండా సింగపూరులో దిగుతున్నారు. గోపీ, మూర్తి ఒకే టీము. ఒకరు సరిదిద్దిన ప్రోగ్రామును రెండోవారు పరీక్షించి, చూశానని సంతకం పెట్టాలి. రోజుకి నలభై వచ్చి పడుతుంటే చూసే నాథుడెవరు? గోపీ పనిలో తప్పు దొరకదని మూర్తికి గట్టి నమ్మకం. కాగితం తెరవకుండానే సంతకం గీకేసేవాడు. పైగా, స్నేహితుడి పనిని తరచి చూడటం మర్యాద కాదనుకునేవాడు.

కొండల పిచ్చి గోపీది. కొండే లేని ఊళ్లో కొండలెక్కే క్లబ్బులో చేరిన మహానుభావుడు. లిటిల్ ఇండియాలో కొన్న పది కిలోల బియ్యం బస్తా వీపున కట్టుకుని బ్లాకు పద్నాలుగు అంతస్తులూ మెట్ల మీదే ఎక్కేవాడు. వెనకాల మూర్తి రొప్పుతూ ఇంకో బస్తా మోసేవాడు. లిఫ్టు దగ్గర చైనా ముసలమ్మలు వాళ్లని చూసి జాలిపడేవారు.

అలా ఏడాదిపాటు తయారై హిమాచల్ వెళ్లారు. రెండు శిఖరాలు, వాటి మధ్య కత్తివాదరలాంటి మంచు గట్టు. ఒక శిఖరమెక్కి, ఆ గట్టు మీదుగా రెండోదానికి నడవాలి. ఎడంపక్క లోయ, కుడిపక్క లోయ, మధ్యలో పాదం పట్టేంత దారి. మధ్యాహ్నం మబ్బు కమ్మేలోపు దాటెయ్యాలి. గట్టు మీద అడుగు పెట్టే ముందు ఇద్దరినీ కలిపే తాడు ముడిని, ఒకరి నడుం దగ్గరిది ఇంకొకరు చేత్తో లాగి చూడాలన్నది గైడు పెట్టిన నియమం.

మొదటి శిఖరం మీద గోపీ ముడి వేసుకుంటూ, మూర్తి బూటు కింది ఇనప ముళ్ల పట్టీ వదులైందని గమనించాడు. ముడి సగంలో వదిలేసి, మోకాళ్ల మీద కూర్చుని ఆ పట్టీ బిగించాడు. తరవాత లేచి నిలబడి, "నాది చూడు బావా," అన్నాడు.

"నీది చూసేదేవిట్రా, పద," అన్నాడు మూర్తి.

గైడు దారి చూస్తూ ముందున్న బండ దాటి కనుమరుగయ్యాడు. సగం గట్టు దాటాక గోపీ కాలికింద మంచు పెళ్ల విరిగింది, లోయలోకి జారాడు. మూర్తి చేతిలోని గొడ్డలిని మంచులో దిగేసి, తాడు మీద బరువు పడుతుందని కాచుకున్నాడు. బరువు పడలేదు. తాడు తేలిగ్గా చేతికొచ్చేసింది. రెండుసార్లు తిప్పాల్సిన ముడి దాని కొసన ఒక్కసారే తిప్పి ఉంది. గైడు వెనక్కొచ్చేలోపు, ఆ సగం ముడి కంటపడకుండా మూర్తి దాన్ని విప్పేశాడు. ఎందుకంటే భయం. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు. ఆ తరవాత మూర్తి గైడు తాడు పట్టుకుని, ఆ గట్టు మిగతా సగం గోపీ లేకుండా నడిచాడు.

సింగపూరు వచ్చాక క్లబ్బువాళ్లు ఒక ఫారం ఇచ్చారు. తోడున్న మనిషి ముడి చూశాడా అని అందులో ప్రశ్న. చూశానని రాసి, మామూలుగానే సంతకం పెట్టాడు. చూశాడంటే ముడి సరిగ్గానే ఉండాలి, పడ్డాక తాడు కొసన ముడే లేదు కాబట్టి మృతుడే మధ్యలో విప్పుకుని ఉండాలని వాళ్లు తేల్చేశారు. ఆ సంతకం ఎవరి మెడకి చుట్టుకుంటుందో మూర్తికి అప్పుడు తట్టలేదు.

"కొండెక్కే ముందు రోజు ఫోన్లో గొడవ పడ్డాను," అంది కాత్యాయని. "ఆ కొండల్నే కట్టుకోండి, ఇంటికి రావద్దన్నాను. మా అత్తగారు ఫోన్ చేసి, నా కొడుకుని నువ్వే చంపుకున్నావంటున్నారు. నిజమేనా? మీతో ఏవన్నా అన్నారా ఆయన?"

మూర్తి కాఫీ గ్లాసు పక్కకి జరిపాడు.

"వాడు విప్పుకోలేదమ్మా. ముడి చూడమన్నాడు. నేను చూడలేదు."

పట్టీ సంగతి, తాడు కొసన తను చేసిన పని, ఫారం, అన్నీ చెప్పేశాడు.

"అయితే నా మాటకి కాదు," అంది కాత్యాయని మెల్లిగా. తరవాత తలెత్తి అతన్ని చూసింది. "ముప్పై ఆరు రోజులు! నా చేతి అన్నం తింటూ, నేనేడుస్తుంటే చూస్తూ కూర్చున్నారు."

"అవునమ్మా."

ఆమె లేచి వెళ్లి ఏలూరు నంబరు నొక్కింది. రిసీవరు అతని చేతికిచ్చింది.

"మా అత్తగారికి కూడా చెప్పండి. ఒక్క మాట తగ్గకుండా."

అవతల గోపీ తల్లి భ్రమరాంబగారు పలికారు. తను సాంబమూర్తినని చెప్పాడు.

"నువ్వా నాయనా? భోంచేశావా? మావాడు ఎలాగూ పోయాడు. నువ్వన్నా బతికొచ్చావు, అదే పదివేలు."

మూర్తి కళ్లు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు.