పన్నెండు గ్రాముల తేడా

పెదపాడు చెరువుల మీద డీజిలింజన్లు బాగుచేసే శివాజీది ఒకటే సిద్ధాంతం: సైజు సరిపోతే ఏ పార్టయినా పార్టే. నీళ్ళు తోడే ఇంజనుకి అది చెల్లింది గానీ, కూతురి కోసం తనే తయారుచేసిన రేసు కారుకి చెల్లలేదు. పోయినేడాది తాడేపల్లిగూడెం పాత రన్‌వే మీద కూతురు అఖిల నడుపుతుండగానే ఇంజను పగిలి, కారంతా పొగ కమ్మేసింది. పిల్ల దగ్గుకుంటూ బయటపడింది. అదృష్టం బావుంది, అంతే!

ఈసారి ఖర్చుకి వెనకాడలేదు. మంచి పిస్టన్లు, వాటిని క్రాంకు ఇరుసుకి కలిపే నాలుగు గట్టి రాడ్లు తెప్పించాడు. అందులో ఒకటి చేయిజారి గచ్చు మీద పడి నొక్కుకుపోయింది. ఇంకేముంది, పాత బుద్ధి లేచి కూర్చుంది. పోయినేటి ఇంజన్లో మిగిలిన రాడ్డొకటి తుడిచి కొత్తవాటి పక్కన పెట్టాడు.

పదిహేనేళ్ళుగా షెడ్డులో రొయ్యల్ని చేత్తోనే బరువు పోల్చి కౌంటు వారీగా వేరుచేస్తున్న భార్య మంగ, టీ ఇవ్వడానికొచ్చి రాడ్లని ఒక్కొక్కటే అరచేతిలో ఆడించింది.

"ఏవండీ, ఇది వేరే కౌంటండి."

"చాల్లే! ఇవేమన్నా రొయ్యలా?"

"రొయ్యల్లో కౌంటు కలిసిపోతే పెట్టె వెనక్కొస్తుంది, అంతేకదండీ. ఇందులో కూర్చునేది మన పిల్ల."

శివాజీకి ఒళ్ళు మండింది. ఆవిడ మాట తప్పు అని తేల్చడానికే బంగారం కొట్టుకెళ్ళి, కాటా మీద తూయించాడు. కొత్తవి మూడూ ఒక్కలాగే తూగాయి. పాతది పన్నెండు గ్రాములు ఎక్కువ! నిమిషానికి ఏడువేల చుట్లు తిరిగేచోట ఆ కాస్తా సుత్తి దెబ్బలవుతుంది. ఇంటికొచ్చి మొత్తం సెట్టు మళ్ళీ తెప్పించాడు. మంగ నాలుగూ పట్టుకు చూసి తలూపాకే బిగించాడు.

పందెంలో అఖిల పన్నెండు రౌండ్లూ కొట్టింది. శివాజీ కళ్ళు మూసుకుని ఇంజను చప్పుడే విన్నాడు. ఎక్కడా టకటకమనలేదు. మూడో స్థానం వచ్చింది.

"నాన్నా, ఎంత సాఫీగా లాగిందో!" అంది అఖిల హెల్మెట్ తీస్తూ.

హమ్మయ్య! ఏడాదిగా గుండె మీదున్న బరువు దిగింది.

ఇంటికొచ్చేసరికి పాత రాడ్డు బల్ల మీదే ఉంది. మనసాగక దాన్ని కిరసనాయిల్లో ముంచి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి రాశాడు. కాసేపటికి తెల్లటి సుద్దలో వెంట్రుకంత తడిగీత తేలింది. పగులు! రాడ్డు పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. లోపల అఖిల అన్నం తింటూ రేసు కబుర్లు చెబుతోంది. ఆ గొంతు వింటుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అన్నం చల్లారిపోతోందండీ," అంటూ మంగ వచ్చింది.

"నీ చేతికి దణ్ణం పెట్టాలే, మంగా."

"పెడుదురుగాని. ముందా కిరసనాయిలు చేతులు కడుక్కోండి."