గుప్పెడు సబ్బుపొడి

మూడోసారి కార్డు ఆనించినా గేటు పక్కన ఎర్రదీపమే వెలిగింది. ఆమె కార్డుని యూనిఫాం అంచుకి తుడిచి నాలుగోసారి ఆనించింది. వెనక వరుసలో ఉన్న ఆడవాళ్లు తోసుకోవడం మొదలుపెట్టారు. ఆరు దాటి ఒక్క నిమిషమైనా పావుగంట జీతం పోతుంది, ఎవరి కంగారు వాళ్లది.

"పక్కకి జరగండి పిన్నీ," అన్నాడు గేటు దగ్గరి కాపలామనిషి తల ఎత్తకుండా. "మీ కార్డు ఆపేశారు. సూపర్‌వైజర్ సారు గదికి రమ్మన్నారు."

ఆ లాండ్రీకి పెద్దాసుపత్రి దుప్పట్లు వస్తాయి. రోజుకి నాలుగు వేలు. రక్తం, చీము, మందుల మరకలు. ఇరవై రెండేళ్లుగా ఆమె పని తడి దుప్పటి అంచులు పట్టుకుని, ఆరి ఇస్త్రీ అయ్యేలా ఆవిరి రోలర్లోకి పంపడం. ఆ వేడికి ముంజేతుల మీద వెంట్రుకన్నది మొలవలేదు. ఈమధ్య కళ్లకి మసక కమ్మింది. ఇంకో నాలుగు నెలల్లో రిటైరైతే సర్వీసు డబ్బు వస్తుంది, దాంతో రెండు కళ్లకీ ఆపరేషన్ చేయించుకోవాలని అదే ఆసుపత్రిలో పేరు రాయించుకుంది. నేను ఇస్త్రీ చేసిన దుప్పటి మీద నేనే పడుకుంటానే అని తోటివాళ్లతో చెప్పి నవ్వింది కూడా.

సూపర్‌వైజర్ ఆమెని కూర్చోమనలేదు. బల్ల మీద ఫోను పెట్టి ఒక పాట వినిపించాడు.

"ఇది మీ అబ్బాయి గొంతేనా?"

"అవును సార్."

కొడుకు పాట ఆమె మొదటినుంచి చివరిదాకా వినడం అదే మొదటిసారి. రోలర్ల హోరులో చెవులు సగం పోయాయి, ఆ వేగానికి మాటలు అందేవి కావు. "నీ గురించే పాడానమ్మా" అని వాడు చెప్పినప్పుడు, ఏదో మంచే పాడి ఉంటాడని సంబరపడి ఊరుకుంది. ఇప్పుడు సూపర్‌వైజర్ ఒక ముక్క దగ్గర ఆపి, ఆమెకి అర్థమయ్యేలా తన నోటితో నెమ్మదిగా చెప్పాడు.

ఖాళీ డబ్బా అడుగున గుప్పెడు సబ్బుపొడి,
ఆ తెల్లచొక్కా చూశాకే లోపలికి రానిచ్చింది బడి.
దొంగ కొడుకుని నేను, దాచను, బయటికే చెప్తా,
అమ్మ మోసిన సిగ్గంతా ఇవాళ నేను మోస్తా.

"మావాడు కూడా మీవాడి అభిమానే," అన్నాడు సూపర్‌వైజర్. "భోజనాల దగ్గర వాడే వినిపించాడు. సరే, పిల్లలు వింటే విన్నారు. ఆసుపత్రివాళ్లు కూడా విన్నారు. దుప్పట్లలో పడాల్సిన సబ్బు ఎవరి డబ్బాల్లోకి పోతోందని ఉత్తరం రాశారు. నేనేం జవాబు చెప్పాలమ్మా?"

ఆమె నోరు విప్పలేదు. చెప్పడానికి లేక కాదు. ఆ లాండ్రీలో యూనిఫాం మీద మరక కనిపిస్తే అరపూట జీతం కోస్తారు. అలాగని దాన్ని అక్కడ ఉతకనివ్వరు, ఆసుపత్రి బట్టల్లో సొంత బట్టలు కలపకూడదని నియమం. ఇంటిదగ్గరే ఉతుక్కోవాలి. సబ్బు మాత్రం ఇవ్వరు. బజార్లో పొట్లం సబ్బుపొడి అంటే ఒక పూట జీతం. అందుకని రోలర్ దగ్గర వేళ్లు కాలకుండా దుప్పటి ఎలా పట్టుకోవాలో కొత్తవాళ్లకి నేర్పిన రోజే, పాతవాళ్లు అన్నం డబ్బా అడుగున గుడ్డ పరిచి పొడి ఎలా పోసుకోవాలో కూడా నేర్పేవాళ్లు. వారానికి గుప్పెడే. ఎవరైనా రెండో గుప్పెడుకి చెయ్యి చాపితే పాతవాళ్లే ఆ చేతిమీద ఒక్కటి వేసేవాళ్లు. మొదటి గుప్పెడు యూనిఫాంకి, రెండోది దొంగతనం. ఈ లెక్క ఆ గదిలో అందరికీ తెలుసు. బయటివాడికి చెప్తే దొంగల నీతి అని నవ్వుతాడు.

"ఇవాళ్టినుంచి పని లేదు," అన్నాడు సూపర్‌వైజర్. "దొంగతనం కింద పోతే సర్వీసు డబ్బు కూడా రాదు. పాతవారని ఒక్క దారి చూస్తున్నాను. మీ అబ్బాయిని తీసుకురండి. ఆ పాటలోది అబద్ధమని ఫోను ముందు చెప్పమనండి. ఆసుపత్రివాళ్లకి చూపిస్తాను. పని ఇవ్వలేను గానీ డబ్బు ఇప్పిస్తాను. రేపు మూడింటికి. వచ్చేటప్పుడు యూనిఫాం ఉతికి, ఇస్త్రీ చేసి తెండి. అది కంపెనీది."

ఆమె వేసుకున్న యూనిఫాంతోనే బస్సెక్కి ఇంటికి వెళ్లింది.

కొడుకుని లోకం 'నిజం' అని పిలుస్తుంది. అది అతను పెట్టుకున్న పేరు కాదు, వినేవాళ్లు పెట్టింది. అంతకుముందు వీధిలో 'నత్తోడు' అనేవాళ్లు. పదిహేడో ఏటినుంచి ఇరవై ఆరో ఏటి దాకా ఆ లాండ్రీ వ్యాన్‌లోనే మూటలెత్తాడు. మాట మామూలుగా వచ్చేది కాదు. ట్రాలీ చక్రం గతుకుల మీద టకటకమంటుంటే ఆ దెబ్బకి తగ్గట్టు పలికినప్పుడు మాత్రం ఒక్క అక్షరం తడబడేది కాదు. ఆ కిటుకు కనిపెట్టాక ఇక ఆగలేదు. గోడలకి దుప్పట్లు వేలాడదీసి, ఆ మధ్యలో కూర్చుని మొదటి పాట ఫోనులో పాడుకున్నాడు. నత్తి గురించి, తాగుడు గురించి, స్నేహితుడి జేబులోంచి తీసిన నోటు గురించి, లాకప్పులో ఏడ్చిన ఏడుపు గురించి పాడాడు. అవన్నీ లోపల దాచుకున్న వాళ్లు ఊళ్లకి ఊళ్లే ఉన్నారు. వాళ్లందరూ ఇతన్ని తమవాడు అనుకున్నారు.

సొంత తప్పులు మూడేళ్లలో అయిపోయాయి. మనిషి ఎంత పాపాత్ముడైనా ఏడాదికి పది పాటలకి సరిపడా పాపాలు చేయలేడు కదా. అప్పుడు ఇల్లు వదిలిపోయిన నాన్న గురించి పాడాడు. తర్వాత వదిలిపోయిన భార్య గురించి పాడాడు. ఆ పాట తీసేయమని, పుట్టింట్లో తలెత్తుకోలేకపోతున్నానని ఆమె ఫోన్ చేసి ఏడ్చింది. ఆ ఫోన్ మీద ఇంకో పాట కట్టాడు. అది అన్నిటికన్నా బాగా ఆడింది. ఆమె మళ్లీ ఫోన్ చేయలేదు.

విన్నవాళ్లు లక్షల్లో ఉన్నా అద్దెగది మాత్రం మారలేదు. రికార్డింగు ఖర్చు, వీడియో ఖర్చు, ఒంటిమీద తొడిగిన బట్టల ఖర్చు అన్నీ రాబట్టుకున్నాకే ఆల్బమ్ కంపెనీ ఇతనికి వాటా ఇస్తుంది. ఆ కంపెనీ యజమానిని పాడేవాళ్లందరూ పెద్దన్న అంటారు. లాభం దగ్గర తప్ప మిగతా అన్నిచోట్లా అతను అన్నే.

అమ్మ ఫోన్ వచ్చినప్పుడు అతను స్టూడియోలో పెద్దన్న పక్కనే ఉన్నాడు. విషయం విని పెద్దన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"తమ్ముడూ, నేను చెప్పేది మనసు పెట్టి విను. శనివారం స్టేజీ మీదకి అమ్మని తీసుకురా. ఆ యూనిఫాంలోనే. నువ్వు పాడు, పాట అవ్వగానే కాళ్లమీద పడు. ఇరవై రెండేళ్లు చేయించుకుని గెంటేశారని చెప్పు. జనం ఆగరు."

"అ... అబద్ధమని చెప్తే డ... డబ్బిస్తారంటన్నా."

"చెప్పు. ఎవరు వద్దన్నారు. నిజం అని పేరు తెచ్చుకుని అబద్ధం పాడానని నీ నోటితో నువ్వే చెప్పు. ఆ తర్వాత నీ పాట ఎవడు వింటాడు, గొంతు బాగుందనా? నత్తి ముద్దొస్తుందనా?" పెద్దన్న భుజం తట్టాడు. "నీకు అన్నం పెట్టేది ఆ ఒక్క పేరేరా. ఆలోచించుకో."

అతను ఇంటికి వెళ్లేసరికి ఆమె గదిలో మంచం మీద కూర్చుని ఉంది. యూనిఫాం విప్పి మేకుకి తగిలించింది, ఉతకలేదు. కింద ఖాళీ డబ్బా మూత తీసి ఉంది.

"నే... నేను చెప్తానమ్మా అబద్ధమని. పా... పాటలు పోతే పోనీ. వ్యాన్ పని ఎక్కడైనా దొరుకుతుంది."

నిజంగానే అనుకున్నాడు ఆ మాట. స్టూడియో నుంచి ఇంటిదాకా నడుస్తూ, పదేళ్ల కష్టాన్ని ఒక్కో వీధిలో ఒక్కో ముక్క వదిలేసుకుంటూ వచ్చాడు.

"పాడేముందు నన్ను అడిగావా?" అంది ఆమె.

"లేదు."

"ఎందుకడగలేదు?"

"అ... అడిగితే వద్దంటావని."

ఆమె చాలాసేపు అతనికేసి చూసింది. మసక కళ్లకి అతని మొహం ఏమాత్రం కనిపించిందో తెలీదు.

"ఇంటిగుట్టు లంకకి చేటని ఊరికే అనలేదు. పోనీ, ఆ చెప్పిందైనా సరిగ్గా చెప్పావా? ఆ పొడి నీ చొక్కాకని ఎవరు చెప్పార్రా నీకు? అది యూనిఫాంకి. మరకుంటే జీతం కోస్తారు, సబ్బివ్వరు. అందరం తెచ్చుకునేవాళ్లం. యూనిఫాం పిండాక ఆ మిగిలిన నురగలో నీ చొక్కా ముంచేదాన్ని. నీకు నీ చొక్కా ఒక్కటే కనిపించింది."

అతను గోడకి ఆనుకుని నేలమీద కూలబడ్డాడు. పదేళ్లు నిజం అమ్ముకుని బతికిన మనిషికి తన ఇంట్లో నిజమేమిటో తెలియదు. తొమ్మిదేళ్లు అదే లాండ్రీ వ్యాన్‌లో మూటలెత్తాడు, లోపలి గదిలో ఆడవాళ్లు ఏం వేసుకుంటున్నారో, దాన్ని ఎవరు ఉతుకుతున్నారో ఒక్కసారి కూడా అడగలేదు. అడక్కుండానే తల్లిని దొంగని చేసి, ఆ దొంగని క్షమించి, చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు. అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది.

"సరేలే," అంది ఆమె చివరికి. "రేపు అబద్ధమనే చెప్పు. నేను దొంగని కాదంటే నాకేం నష్టం. నాకు కళ్లు కావాలి."

మర్నాడు మూడింటికి సూపర్‌వైజర్ గదిలో ఇద్దరికీ కుర్చీలు వేశారు. ఫోనుని నీళ్లసీసాకి ఆనించి నిలబెట్టాడు. కాగితం మీద మూడే మూడు ముక్కలు టైపు చేసి ఉన్నాయి. అతను అంతకుముందు వేలమంది ముందు నిలబడ్డాడు గానీ, అక్కడ తాళం లేకుండా ఎన్నడూ నోరు విప్పలేదు. కాగితం మీదికి వంగి మొదలుపెట్టాడు.

"మా... మా అమ్మ ఏనాడూ స... సబ్బు తీయలేదు. ఆ... ఆ పాట నేను క... కల్పించింది."

"పర్లేదు, బాగానే వస్తోంది," అన్నాడు సూపర్‌వైజర్ ఓపిగ్గా. "ఇంకొక్కటే."

"యూనిఫాంలు ఉతుక్కోవడానికి కం... కం... కంపెనీ నెలనెలా..."

అక్కడ ఆగిపోయాడు. ఈసారి నత్తి వల్ల కాదు.

"ఏమన్నావు? వినపడలేదు," అంది ఆమె. "మళ్లీ చదువు."

"కంపెనీ నెలనెలా స... సబ్బు ఇస్తుంది."

ఆమె చెయ్యి చాపి ఫోనుని బల్లమీద బోర్లా పెట్టింది.

"అది చదవకు."

"అమ్మా, అది ఆసుపత్రివాళ్ల కోసం రాసిన మాట," అన్నాడు సూపర్‌వైజర్. "మీకు దాంతో పనేముంది?"

"నేను తీయలేదని రాశారు. అది నా సంగతి, నేను ఒప్పుకున్నాను. ఇది లోపలున్న ముప్పైమంది సంగతి. రేపు వాళ్లలో ఎవరైనా సబ్బడిగితే, ఇస్తున్నాం కదా, ఇదిగో ఆమె కొడుకే చెప్పాడని ఇదే చూపిస్తారు. ఆ ఒక్క ముక్కా తీసేయండి సార్. మిగతాదంతా చదువుతాడు."

"అది తీసేస్తే మిగతాది నాకెందుకమ్మా? సబ్బు తీయాల్సిన అవసరమే వీళ్లకి లేదని చెప్పడానికే కదా ఇదంతా."

"అయితే వద్దు సార్."

"ఇరవై రెండేళ్ల డబ్బు. బాగా ఆలోచించుకోండి."

"తెలుసు సార్."

ఆమెకి ధైర్యంగా ఏమీ లేదు, భయంగానే ఉంది. ఆసుపత్రిలో రాయించుకున్న పేరు, నాలుగు నెలల తర్వాతి తేదీ, అన్నీ గుర్తొస్తూనే ఉన్నాయి. అయినా బోర్లా పెట్టిన ఫోను మీంచి చెయ్యి తీయలేదు. రెండో చేత్తో సంచిలోంచి యూనిఫాం తీసి కాగితం మీద పెట్టింది. మెడపట్టీ దగ్గర చెమట చార, పొట్ట దగ్గర ఎవరిదో రోగి దుప్పటి అంటించిన గోధుమరంగు మరక.

"ఇదేంటి, ఉతికి తెమ్మన్నాను కదా?"

"ఇంట్లో సబ్బు లేదు సార్," అంది ఆమె. "ఈ వారం గుప్పెడు తెచ్చుకోలేదు. కంపెనీ ఇస్తుందని రాశారుగా, మీరే ఉతికించుకోండి."

బయటికి వచ్చేసరికి ఉదయం షిఫ్టు దిగుతోంది. గేటు దగ్గర కొత్తగా ఒక బల్ల వేశారు. ఆడవాళ్లు వరుసలో నిలబడి అన్నం డబ్బాల మూతలు తీసి చూపిస్తున్నారు. కాపలామనిషి ఒక్కో డబ్బాలో వేలు పెట్టి అడుగు తడిమి, ఆ వేలు వాసన చూసి పొమ్మంటున్నాడు. నిన్నటిదాకా వాళ్లని వదినా, పిన్నీ అని పిలిచినవాడే. ఆమెని చూసి కొందరు తల వంచుకున్నారు. కొందరు ఆమె వెనక వస్తున్న కొడుకుని చూశారు, చూపు తిప్పుకోలేదు.

జేబులో ఫోను మోగింది. పెద్దన్న. అతను తీయలేదు. మోగి మోగి ఆగింది.

"అమ్మా," అన్నాడు. "ఇ... ఇది పాడనా? ఇప్పుడు ఏం జరిగిందో, ఉ... ఉన్నదున్నట్టు."

అడిగి పాడాలన్న ఆలోచన అతనికి రావడం పదేళ్లలో ఇదే మొదటిసారి. ఆ సంగతి ఆమెకీ తెలిసింది. కానీ అవుననలేదు, కాదనలేదు. వరుసలో ఉన్న ఆడవాళ్ల వైపు గడ్డం చూపించింది.

"వాళ్లనడుగు."

అతను ఆ వరుస వైపు రెండడుగులు వేశాడు. మూత తీసిన డబ్బాలు చేతుల్లో పట్టుకుని ముప్పైమంది అతనికేసే చూస్తున్నారు. నోరు తెరిచాడు, మొదటి అక్షరమే అడ్డం పడింది. ట్రాలీ చప్పుడు లేదు, తాళం లేదు. వాళ్లు కదలకుండా ఎదురుచూశారు.